పరిష్కర్త విడిచిన పంక్తి

నాలుగు నెలలు నిండిన బిడ్డను చంకల క్రింద చేతులు వేసి లేవనెత్తినపుడు, ఆ బిడ్డ భుజములు బిగియక, తడిసిన గుడ్డవలె చేతుల నడుమనుండి జారిపోవుట చూచిన వైద్యునకు గుండె ఝల్లుమనును. వెల్లకిల పరుండబెట్టినచో కాళ్లు కప్పకాళ్లవలె రెండు ప్రక్కలకు వాలియుండును. ఊపిరి పీల్చునపుడు రొమ్ము ఉబ్బుటకు మారుగా లోనికి పోవును, పొట్ట మాత్రము పైకి లేచును. నోరు తెరచి చూచినచో నాలుక, చినుకులు పడుచున్న నీటివలె, సన్నగా అదరుచుండును. ఏడుపు పిల్లికూన అరుపుకంటెను పలుచగా వినవచ్చును. ఇంత దౌర్బల్యమున్నను ఆ బిడ్డ కన్నులు తేటగా, చురుకుగా, గదిలో కదలిన ప్రతి మనుష్యుని వెంబడించుచుండును. తల్లి పలుకరించిన చాలును, పెదవులపై నవ్వు విరియును. బుద్ధికి లోపము లేదు. శరీరము మాత్రము ఆ బుద్ధి చెప్పిన మాట వినుట మానినది.

ఈ వ్యాధిని 1891వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు గ్రాట్స్ నగరములో గీడో వెర్డ్‌నిగ్ అను వైద్యుడును, రెండేండ్లకు జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో యోహాన్ హాఫ్‌మన్ అను మరియొక వైద్యుడును మొదట వర్ణించిరి. నేడు దీనిని స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనియు, పొడి అక్షరములలో ఎస్‌.ఎం.ఏ. అనియు అందురు, తెలుగులో వెన్నుపాము కండరక్షీణత యనవచ్చును. వెన్నుపామునుండి బయలుదేరి, కదలుమను ఆజ్ఞను కండరములకు కొనిపోవు చాలక నాడీకణములు క్రమక్రమముగా నశించుటయే దీని స్వరూపము. నీరు పారని కాలువ పూడిపోయినట్లు ఆజ్ఞ అందని కండరము కృశించిపోవును. సుమారు పదివేల జననములలో ఒక బిడ్డకు ఇది సంభవించును. అన్నిటికంటె తీవ్రమైన మొదటి రకములో ఆరు నెలలు నిండకమునుపే లక్షణములు పొడసూపును. మందు లేని దినములలో అట్టి శిశువులలో పెక్కుమంది రెండవ పుట్టినరోజు చూడకయే శ్వాస చాలక కన్నుమూసిరి. వెర్డ్‌నిగ్ కాలమునుండి 125 సంవత్సరములపాటు వైద్యుడు ఆ తల్లిదండ్రులకు ఓదార్పు తప్ప మరేమియు ఈయజాలకపోయెను. 2016 డిసెంబరు 23వ తేదీన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నూసినర్సెన్ అను మందునకు అనుమతి నిచ్చుటతో ఆ దీర్ఘమైన అసహాయత ముగిసినది. ఆ మందు వెనుక నున్న ప్రధాన శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ క్రైనర్. ఆయన వైద్యుడు కాడు. పసిపిల్లల వ్యాధులను గూర్చి ఆలోచించుచు పరిశోధన ప్రారంభించినవాడును కాడు. జీవకణములో ఆర్‌.ఎన్‌.ఏ. అను అణువు ఏ విధముగా తెగి, ఏ విధముగా అతుకుకొనునో తెలిసికొనవలెనను జిజ్ఞాస యొక్కటే ఆయనకు మూలధనము.

ఆ తెగుట, అతుకుట అనగా నేమో గ్రహించుటకు మనకు దగ్గరి దారి ఒకటి కలదు. తాళపత్ర గ్రంథములను ముద్రణకు సిద్ధపరచిన పండితుల శ్రమను ఎరిగినవారు మనలో ఎందరో యున్నారు. మూలప్రతిని భాండాగారము దాటనీయరు; దానినుండి ఒక నకలు వ్రాయింతురు; ఆ నకలులో నడుమనడుమ చేరియున్న ప్రక్షిప్తములను పరిష్కర్త ఏరివేసి, మిగిలిన పంక్తులను సంధి తప్పకుండ కలిపి, శుద్ధప్రతిని అచ్చుకూటమునకు పంపును. మన శరీరములోని ప్రతి కణమునందును జరుగుచున్నది ఇదియే. డి.ఎన్‌.ఏ. కణకేంద్రములో పదిలముగా నుంచబడిన మూలప్రతి. దానినుండి తీసిన నకలు ఆర్‌.ఎన్‌.ఏ.; ఆ శుద్ధప్రతిని చదివి ప్రోటీనులను తయారుచేయు రైబోజోములే అచ్చుకూటములు. నకలులోని నిరుపయోగ భాగములకు ఇంట్రానులనియు, నిలుపవలసిన పాఠ్యభాగములకు ఎక్సానులనియు పేర్లు. ఇంట్రానులను కోసి ఎక్సానులను కలుపు ఈ పరిష్కరణమునే శాస్త్రజ్ఞులు స్ప్లైసింగ్ అందురు.

1977వ సంవత్సరము వరకు ఇట్టి పరిష్కరణ మొకటి కలదని ఎవ్వరును ఊహించియుండలేదు. మూలమునకు నకలు అక్షరమున కక్షరము సరిపోవునని యందరును నమ్మియుండిరి. ఆ యేట మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫిలిప్ షార్ప్ బృందమును, న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలండులోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయములో రిచర్డ్ రాబర్ట్స్ బృందమును, జలుబును కలిగించు ఎడినోవైరసు యొక్క ఆర్‌.ఎన్‌.ఏ.ను దాని డి.ఎన్‌.ఏ.తో జతకట్టించి ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద చూచిరి. రెండును ఆద్యంతము కలిసి నడువవలెను. కాని అక్కడక్కడ డి.ఎన్‌.ఏ. పోగు, జత దొరకక, ఉచ్చువలె వెలికి ఉబ్బియుండెను. ఆ ఉచ్చులలోని భాగమే ఆర్‌.ఎన్‌.ఏ.నుండి తొలగింపబడిన ప్రక్షిప్తము. షార్ప్, రాబర్ట్స్‌లకు ఇందులకై 1993లో నోబెల్ బహుమాన మొసగబడినది.

దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశపు రాజధాని మాంటివిడియోలో 1958లో జన్మించిన క్రైనర్, అమెరికాకు వచ్చి కొలంబియా విశ్వవిద్యాలయములో పట్టము పుచ్చుకొని, హార్వర్డులో టామ్ మానియాటిస్ వద్ద పరిశోధక విద్యార్థిగా చేరునాటికి, స్ప్లైసింగ్ జరుగునని మాత్రమే తెలియును. ఎట్లు జరుగునో తెలియదు. మానవ కణముల కేంద్రములను పిండి తీసిన రసమును గాజుగొట్టములో పోసి, రక్తవర్ణకమునకు సంబంధించిన బీటా గ్లోబిన్ ఆర్‌.ఎన్‌.ఏ.ను అందులో చేర్చి, కణము వెలుపలనే ఆ కోత, కూర్పు జరుగునట్లు ఆయనయు సహచరులును 1984లో చేసి చూపిరి. చూచువారికిది చిన్న పనిగా తోచవచ్చును. కాని యంత్రము గాజుగొట్టములోనికి వచ్చిన పిమ్మటనే దాని మరల నొక్కొక్కదాని నూడదీసి పరీక్షింప వీలగును. 1986లో డాక్టరేటు ముగించి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ చేరిన క్రైనర్, అట్టి మరలలో నొకటియైన ఎస్‌.ఎఫ్‌.2 అను ప్రోటీనును 1990 ప్రాంతమున శుద్ధిచేసి వేరుపరచిరి. ఎక్సానులోని కొన్ని గుర్తులను పట్టుకొని "ఈ పంక్తిని విడువరాదు" అని పరిష్కర్తకు జ్ఞాపకము చేయుట దాని పనులలో ముఖ్యమైనది. ఈ పరిశోధన వలన ఏ రోగమునకు మేలు కలుగునని ఆ దినములలో ఎవరైన నడిగియున్నచో, నిజాయితీగల సమాధానము "తెలియదు" అనునదే యైయుండెడిది.

ఇక వ్యాధి కథకు వత్తము. 1995లో పారిస్ నగరమున జూడిత్ మెల్కీ బృందము, అయిదవ క్రోమోజోముపై ఎస్‌.ఎం.ఎన్‌.1 అను జన్యువు లోపించుటయే ఎస్‌.ఎం.ఏ.కు కారణమని కనుగొనెను. చాలక నాడీకణముల మనుగడకు అత్యవసరమైన ప్రోటీను ఈ జన్యువు నుండి పుట్టును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి వచ్చు రెండు ప్రతులును చెడిననే వ్యాధి; ఒకటి చెడినవారు ఏ బాధయు లేక నూరేండ్లు జీవింపవచ్చును, కాని ఆ దోషమును బిడ్డలకు అందింపగలరు. సుమారు నలుబది నుండి అరువది మందిలో ఒకరు ఇట్టి వాహకులని అంచనా. వాహకులైన ఇద్దరు దంపతులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ప్రమాదము కలదు.

వింత యేమనగా, ఈ జన్యువునకు మానవజాతిలో, మానవజాతిలో మాత్రమే, ఒక ప్రత్యంతరము కలదు. దాని పేరు ఎస్‌.ఎం.ఎన్‌.2. వ్యాధిగ్రస్తులైన శిశువులలో ఎస్‌.ఎం.ఎన్‌.1 లేకున్నను ఈ ప్రత్యంతరము ఒకటియో, రెండో, అంతకెక్కువయో ఉండియే తీరును. అది ఎన్ని ప్రతులున్న వ్యాధి అంత మెత్తబడును. అట్లయిన ఇంటిలో రెండవ ప్రతి యుండగా బిడ్డ ఏల మరణింపవలెను? ఎస్‌.ఎం.ఎన్‌.2 లోని ఏడవ ఎక్సానులో 54 అక్షరములున్నవి; వానిలో ఆరవ అక్షరము మాత్రము, సి యుండవలసిన చోట టి యై యున్నది. అదియు అర్థమును చెరచునట్టి మార్పు కాదు. జన్యులిపిలో మూడక్షరములు కలిసి ఒక ఎమైనో ఆమ్లమును సూచించును. ఇచ్చట టి-టి-సి అన్నను, టి-టి-టి అన్నను, రెండును ఫినైల్ ఎలనీన్ అను ఒకే ఆమ్లమును చెప్పును. పర్యాయపదము పడినదన్నమాట. అచ్చుకూటము దృష్టిలో అది దోషమే కాదు. పరిష్కర్త దృష్టిలో మాత్రము అది ఘోరమైన దోషము: ఆ యక్షరము మారుటతో ఏడవ పంక్తి అతనికి ప్రక్షిప్తమువలె కనబడును, పది ప్రతులలో ఎనిమిది తొమ్మిదింట దానిని తీసివేయును. ఆ పంక్తి లేని ప్రోటీను నిలుకడ లేక త్వరలోనే శిథిలమగును. శుద్ధముగా వచ్చిన ఆ ఒకటి రెండు ప్రతుల బలము చేతనే బిడ్డ పుట్టగలుగుచున్నది. దాని చాలమి చేతనే మరణించుచున్నది.

1999లో ఎస్‌.ఎం.ఏ.ను గూర్చి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ ఏర్పరచిన గోష్ఠికి క్రైనర్ వెళ్లి, ఈ విషయమును అచ్చట వినిరి. పదునైదేండ్లుగా ఏ పరిష్కర్త పోకడలను తాము గాజుగొట్టములో కనిపెట్టుచుండిరో, ఆ పరిష్కర్త పొరపాటే పసికందుల ప్రాణములు తీయుచున్నదని తెలిసికొనిన ఆ క్షణము, నా దృష్టిలో, ఈ కథకంతకును గుండెకాయ. 2002లో ఆయనయు లూకా కార్తెన్యీయు, ఆ టి యక్షరము ఎస్‌.ఎఫ్‌.2 పట్టుకొను గుర్తును చెరిపివేయుటయే కారణమని ప్రకటించిరి. కాదు, ఆ మార్పు వలన విరోధి ప్రోటీను వచ్చి కూర్చుండుటకు క్రొత్త పీఠ మేర్పడినదని జేమ్స్ మ్యాన్లీ బృందము వాదించినది. ఈ వివాదము చాలకాలము సాగినది. రెండిటిలోను సత్యము కలదని అనుకొనుటకు ఆధారములున్నవి.

మందునకు దారి మరియొక చోట దొరకినది. ఏడవ ఎక్సాను ముగిసిన వెంటనే వచ్చు ఇంట్రానులో "పై పంక్తిని విడువుము" అని చెప్పు గుర్తు ఒకటి దాగియున్నదని మసాచుసెట్స్ వైద్యవిద్యాలయములో రవీంద్ర సింగ్, ఇలియట్ ఆండ్రోఫీ అనువారు కనుగొని 2006లో ప్రకటించిరి. అది కేవలము 15 అక్షరముల గుర్తు. క్రైనర్, కాలిఫోర్నియాలో కార్ల్స్‌బాడ్ నగరమునందలి ఐసిస్ అను ఔషధ సంస్థకు చెందిన ఫ్రాంక్ బెనెట్‌తో 2004 నుండియే కలిసి పనిచేయుచు, పరిశోధనాలయములో యిమిన్ హువా అను శిష్యుని సహాయమున, ఆ ఎక్సానును దాని ఇరుప్రక్కలను వరుసగా అంగుళ మంగుళము తడిమిరి. వారి యూహ సరళమైనది. తాళపత్రపు అంచున ఎవరో "దీనిని విడువుము" అని వ్రాసియుంచినచో, దానిపై ఒక చిన్న చీటి అంటించుము, పరిష్కర్త ఆ సూచనను చూడడు, పంక్తి నిలిచిపోవును. ఆర్‌.ఎన్‌.ఏ.లోని అక్షరములకు జతకూడు అక్షరములను వరుసగా కూర్చి, కణములోని ఎంజైములు కొరికివేయకుండ రసాయనికముగా గట్టిపరచి, 18 అక్షరముల చీటి నొకదానిని వారు సిద్ధపరచిరి. దానికే తరువాత నూసినర్సెన్ అను పేరు వచ్చినది.

ఎలుకలలో ఎస్‌.ఎం.ఎన్‌.2 సహజముగా లేదు; మానవుని ఆ జన్యువును చేర్చి పెంచిన ఎలుకలపై చీటిని పరీక్షించిరి. వ్యాధి స్వల్పముగానున్న ఎలుకలకు తోకయు, చెవుల అంచులును ఎండి రాలిపోవుట మొదటి లక్షణము. మందు పుచ్చుకొనిన ఎలుకల తోకలు నిలిచినవి. తోక పొడవును కొలబద్దతో కొలిచి మందు పనిచేసినదో లేదో చెప్పగలిగినంత స్పష్టముగా ఫలితము కనబడినది. వ్యాధి తీవ్రముగానున్న ఎలుకలు పది దినములలో చనిపోవునట్టివి నెలల తరబడి జీవించినవి.

మనుష్యులపై పరీక్షలు 2011 చివర ఆరంభమైనవి. ఈ మందు రక్తమునుండి వెన్నుపాములోనికి చొరజాలదు గనుక నడుమునందు, రెండు వెన్నుపూసల నడుమ సన్నని సూది గ్రుచ్చి, స్ఫటికమువలె తేటగానుండు వెన్నునీటిని అయిదు మిల్లీలీటర్లు వెలికి తీసి, అంతే పరిమాణముగల మందును నెమ్మదిగా లోనికి ఎక్కింతురు. అందులోనుండు మందు 12 మిల్లీగ్రాములు మాత్రమే. మొదటి రెండు నెలలలో నాలుగు మారులు, ఆ తరువాత నాలుగు నెలల కొకమారు, జీవితాంతము. 122 మంది శిశువులపై జరిగిన ప్రధాన పరీక్షలో మందు పొందినవారిలో 51 శాతము మెడ నిలుపుట, దొర్లుట, కూర్చుండుట మున్నగు అభివృద్ధి మెట్లను ఎక్కిరి. మందు పొందనివారిలో ఒక్కరును ఎక్కలేదు. లక్షణములు పుట్టకమునుపే, జన్యుపరీక్ష వలన వ్యాధి తెలిసికొని మందిచ్చిన 25 మంది శిశువుల కథ ఇంకను హృద్యమైనది. వా రందరును బ్రతికిరి. వారిలో 22 మంది ఎవరి చేయూతయు లేక నడచిరి. ఒక శతాబ్దమునకు పైగా ఏ వ్యాధి పేరు చెప్పిన వైద్యుడు తలవంచుకొనెడివాడో, ఆ వ్యాధితో పుట్టిన బిడ్డ నట్టింట నడచినది.

2019వ సంవత్సరపు జీవశాస్త్ర బ్రేక్‌త్రూ బహుమానము క్రైనర్, బెనెట్‌లకు లభించినది. అయినను ఇది సర్వరోగనివారిణి యని భ్రమపడరాదు. చనిపోయిన నాడీకణమును ఏ మందును బ్రతికింపజాలదు. ఆలస్యముగా ఇచ్చిన మందు ఉన్నదానిని నిలుపునే గాని పోయినదానిని తేలేదు. ఇట్టి చీటీలతో ఇతర నాడీక్షయ వ్యాధులను జయింపవలెనని చేసిన యత్నములన్నియు ఫలింపలేదు. హంటింగ్టన్ వ్యాధికై తయారైన టోమినర్సెన్ అను మందు పరీక్షను 2021 మార్చిలో ఆపివేయవలసివచ్చెను. ఎస్‌.ఓ.డి.1 అను జన్యువు దోషము వలన కలుగు ఎ.ఎల్‌.ఎస్‌. రోగమునకు టోఫర్సెన్ అను మందు 2023లో అమెరికాలో అనుమతి పొందినది; కాని అది పంక్తిని నిలుపునది కాదు, చెడు ప్రతిని నాశనము చేయునది. ఏ జన్యువు నకలులో దోషమెట్టిదో, అచ్చటికి తగిన ఉపాయమును వేరువేరుగా వెదకవలసినదే.

వెల సంగతి చెప్పకుండుట నాకు సాధ్యము కాదు. 2016లో అనుమతి పొందినపుడు నూసినర్సెన్ వెల అమెరికాలో మొదటి యేట 7,50,000 డాలర్లు, పిమ్మట ఏటేట 3,75,000 డాలర్లుగా నుండెను. అదే వ్యాధికి ఒక్కమారు ఇచ్చు జన్యుచికిత్స మన తెలుగు పత్రికలలో "16 కోట్ల ఇంజక్షను"గా పేరుపడినది. హైదరాబాదులోని మధ్యతరగతి తల్లిదండ్రులు పరిచయము లేని లక్షలాది మంది యెదుట చేయి చాచి ఆ ధనమును కూడబెట్టిన వార్తలను మనము చదివితిమి. మూడవ మందు రిస్‌డిప్లామ్, ఇదియు ఎస్‌.ఎం.ఎన్‌.2 లోని ఏడవ పంక్తినే నిలుపును గాని, సూది అక్కరలేక నోటితో మ్రింగునది. స్విట్జర్లాండు దేశపు రోష్ సంస్థ దీనిని మన దేశములో సీసా సుమారు 6 లక్షల రూపాయలకు అమ్మెను. హైదరాబాదు కేంద్రముగా గల నాట్కో సంస్థ ఆ మందును తయారుచేయ సమకట్టగా, పేటెంటు హక్కు పేర రోష్ అడ్డగించినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు రోష్ కోరిన నిషేధము నిరాకరించెను. అక్టోబరులో అదే హైకోర్టు ధర్మాసనము ఆ తీర్పును స్థిరపరచెను. అదే మాసమున సుప్రీంకోర్టు జోక్యము చేసికొనుటకు ఒప్పుకొనలేదు. నాట్కో సీసా వెలను 15,900 రూపాయలుగా ప్రకటించినది. ఇదియు బీదవాని కందునది కాదు. కాని, ఆరు లక్షలకును దీనికిని నడుమనున్న దూరములో ఎన్ని కుటుంబములు నిలిచియున్నవో యోచింపుడు.

మన ఇండ్లలో మేనరికములు ఇంకను సాగుచున్నవి. రక్తసంబంధీకులైన దంపతులలో ఇద్దరును ఒకే దోషమునకు వాహకులగుటకు అవకాశ మెక్కువ. ఎవరి యింటనైన పూర్వము పసిబిడ్డ మెడ నిలువక, ఊపిరాడక పోయియుండెనేని, ఆ కుటుంబమువారు "గ్రహచారము" అని సరిపెట్టుకొనక, మరల గర్భము ధరింపకమునుపే జన్యుపరీక్ష చేయించుకొనుడు. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రియందు వైద్య జన్యుశాస్త్ర విభాగమును, డి.ఎన్‌.ఏ. పరీక్షలకు సి.డి.ఎఫ్‌.డి. అను సంస్థయును ఉన్నవి, కేంద్ర ప్రభుత్వపు అరుదైన వ్యాధుల విధానము క్రింద గుర్తింపబడిన చికిత్సా కేంద్రము కూడ ఆ సంస్థలదే. నాలుగు నెలలు నిండియు మెడ నిలుపని బిడ్డను, చంకల క్రింద పట్టి యెత్తిన జారిపోవు బిడ్డను చూచి, "కొందరు పిల్లలకు ఆలస్యమే" యను ఇరుగుపొరుగు మాట విని నెలలు గడపవద్దు. ఆ వారమే పిల్లల నరముల వైద్యుని వద్దకు తీసికొనిపొండు. ఈ వ్యాధిలో పోయిన కణము తిరిగి రాదు.